గోరంత తేడా

తడిగుడ్డ తగిలితే స్పీకరు ముందుండే బట్ట పాడవుతుంది. అందుకే చెవులాయన పొడి బ్రష్షుతో, పైనుంచి కిందికి, ఒకే వైపు దులుపుతాడు. పద్నాలుగు జతలు. ఇరవయ్యారేళ్లుగా పొద్దున్నే ఇదే పని. దుమ్ము ఏ రోజూ తగ్గలేదు. తగ్గుతుందని అతనూ అనుకోలేదు.

చెవులాయన అన్న పేరు పాత యజమాని పెట్టింది. ఏ స్పీకరు గరగరలాడినా గుమ్మంలోంచే పట్టేస్తాడని. ఇప్పుడు కౌంటరు వెనక కూర్చునేది ఆ ముసలాడి కొడుకు.

"బాబాయ్, ఆ పెద్ద సెట్లు బొజ్జలేసుకుని కూర్చున్నాయి. ఇవాళ ఒక్కదాన్నైనా లేపు."

పిలుపు వరకే బాబాయ్. కూర్చోమని ఏనాడూ కుర్చీ చూపించలేదు. 'అవి నీకంటే నయం, మాట్లాడకుండా కూర్చుంటాయి' అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. మింగడం అతనికి అలవాటే.

షాపు వెనక వినే గది ఉంది. గోడలకు మందపాటి తెరలు, కింద తివాచీ, రెండు కుర్చీలు. ఎదురుగా పొడవాటి బల్ల మీద ఎడమవైపు చిన్న సెట్టు, కుడివైపు పెద్ద సెట్టు. బల్ల వెనక అతను నిలబడతాడు. బల్ల కింద, కొనేవాళ్లకు కనబడని చోట, ఒక నల్ల డబ్బా. దానికి రెండు మీటలు, ఒక నాబ్. మీట నొక్కితే ఒక సెట్టు ఆగి రెండోది మోగుతుంది. నాబ్ తిప్పితే పెద్ద సెట్టు శబ్దం ఒక్కటే పెరుగుతుంది. నాబ్ పక్కన ఎర్ర చుక్క. నాబ్ మీది గీత ఆ చుక్కకు ఎదురుగా ఉంటే రెండు సెట్లూ సమానం. గోరంత దాటిస్తే పెద్దది రవ్వంత గట్టిగా మోగుతుంది. గట్టిగా ఉందని ఎవరూ అనుకోరు. బాగుందనుకుంటారు.

"మనం అబద్ధం చెప్పట్లేదురా. వాళ్ల చెవులే వాళ్లకి చెబుతాయి" అని నేర్పాడు పాత యజమాని. ఆ మాట మీదే మూడంతస్తుల ఇల్లు కట్టి, అందులో సుఖంగా పోయాడు.

పదకొండింటికి ఒక జంట వచ్చింది. ఆయన లేతు మిషను మీద పనిచేసే మనిషి. వేళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని నలుపు, పక్కవాడు వీధి చివర ఉన్నట్టు మాట్లాడే గొంతు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది.

"మరీ చవకది వద్దు, తలకు మించిందీ వద్దు. మధ్యరకం చూపించండి. ఈ జన్మకి ఇదొక్కటే కొంటాం" అన్నాడు ఆయన.

"పాటలకంటే మాటలే ఎక్కువ వింటానండీ. కథలవీ చదువుతారు కదా, అవి" అంది ఆమె. "వంటింట్లోకి వినబడాలి. గట్టిగా పెడదామంటే పైవాళ్లు కర్రతో నేల పొడుస్తారు."

"పొడవనీ. తాళం వేస్తున్నారనుకో" అని ఆయన తన జోకుకు తనే నవ్వాడు.

చెవులాయన నవ్వలేదు. వీళ్లకు చిన్న సెట్టే సరైనది. ఎంత తగ్గించినా దాంట్లో మాట విడివిడిగా వినబడుతుంది. పెద్దది హాళ్లకోసం చేసింది. తగ్గించి పెడితే గోడలు గుంయ్‌మంటాయి, మాట ముద్దయిపోతుంది. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలిసి ఏం ఒరగబెట్టాడు?

డిస్కు పెట్టాడు. అందులో ఒకావిడ కథ చదువుతుంది. మొదటి మీట నొక్కాడు.

"ఇది బాగుంది. పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది" అంది ఆమె వెంటనే.

తలుపు సందులోంచి యజమాని చూస్తున్నాడు. చెవులాయన చెయ్యి బల్ల కిందికి పోయింది. ఆ చేతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గోరంత తిప్పి, రెండో మీట నొక్కాడు.

"అద్దీ! సెట్టంటే ఇదీ!" ఆయన తొడ చరుచుకున్నాడు.

ఆమె మళ్లీ మొదటిది పెట్టించుకుంది. మళ్లీ రెండోది. మొహం చిన్నబుచ్చుకుంది.

"ఇందాక అదే బాగుందనిపించింది. ఇప్పుడేమో ఇది... ఏమోనండీ, నా చెవులే పాడైనట్టున్నాయి."

అతని ఒళ్లు భగ్గుమంది.

అతని భార్య కూడా ఒకప్పుడు ఆ కుర్చీలోనే కూర్చుంది. చిన్న సెట్టునే వేలు పెట్టి చూపించింది. షాపులో పనిచేసేవాడి ఇంట్లో చిన్నదేమిటని అతని బడాయి. కట్టుకున్నదాని చెవికే నాబ్ తిప్పాడు. పెద్దది ఇంటికొచ్చింది. రెండు గదుల ఇల్లు. ఆమె పొయ్యి దగ్గర గరిట ఆపి, చెవి ఒగ్గి నిలబడేది. "షాపులో బాగానే వినబడిందండీ. నా చెవులే పాడయ్యాయి" అనేది. నిజం చెప్పడానికి అర నిమిషం చాలు. "వయసు కదా" అన్నాడు. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు.

నమ్మింది. తప్పుగా విని తప్పు జవాబు చెబుతానేమోనని నలుగురిలో మాట్లాడటం మానేసింది. ఎవరైనా పిలిస్తే, నిజంగా పిలిచారా అని ముందు అతని మొహం చూసేది. పదకొండేళ్లు అలాగే గడిపింది. చివరికి ఆస్పత్రి మంచం మీద పడుకుని, తలుపవతల నర్సులు గుసగుసలాడుకున్నది అతనికి అప్పజెప్పింది: "ఇంకో వారమేనటండీ."

అప్పుడూ చెప్పలేదు.

"మీ చెవులు బాగానే ఉన్నాయమ్మా!" అని ఎదురుగా కుర్చీలో ఉన్నామెతో అరిచాడు. తీగలతో సహా డబ్బాను లాగి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, నేను ఇలా తిప్పాను. పెద్దదాన్ని గట్టిగా చేశాను. ఇప్పుడు వినండి."

నాబ్‌ను చుక్క దగ్గరికి తెచ్చి, ఒక మీట తర్వాత ఒకటి నొక్కాడు.

"మొదటిదే" అంది ఆమె.

లేతాయన లేచాడు. "అంటే ఇన్నేళ్లూ జనం చెవుల్లో పూలు పెట్టావన్నమాట."

"అవును."

"సిగ్గులేదూ?"

"ఉంటే ఇన్నేళ్లు చేస్తానా?"

యజమాని లోపలికి ఉరికాడు. "బాబాయ్, మతి పోయిందా? మీరు కూర్చోండి సార్. ఇంట్లో ఆవిడ పోయినప్పట్నుంచీ ఈయనకి..."

"ఆవిడ ఊసెత్తావంటే పళ్లు రాలతాయి. ఆవిడ చెవికీ ఇదే నాబ్ తిప్పాను."

వాళ్లేమీ కొనలేదు. లేతాయన విసవిసా బయటికి నడిచాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"మీ ఆవిడ ఏది బాగుందన్నారు?"

"చిన్నదే."

ఆమె తలూపి బయటికి నడిచింది. జాలి చూపించలేదు. చూపిస్తే ఆమెనూ తిట్టేవాడు.

చెవులాయన బ్రష్షు మేకుకు తగిలించాడు. టిఫిను డబ్బా తీసుకున్నాడు.

"గడప దాటితే మళ్లీ రానక్కర్లేదు" అన్నాడు యజమాని.

"నీ మొహానికి మళ్లీ కూడానా" అని గడప దాటాడు. బయట ఎండ పేలిపోతోంది. దీంతో ఏదీ చక్కబడదని అతనికి తెలుసు. వినాల్సిన మనిషి లేదు.

వినే గదిలో డిస్కు తిరగడం ఆగిపోయింది. బల్ల మీద నల్ల డబ్బా అలాగే ఉంది. నాబ్ పక్కన, పెళ్లయిన కొత్తలో ఎందుకని అడగకుండా అతని భార్య ఇచ్చిన గోళ్ల రంగు చుక్క, సగం చెరిగి, గీతకు సూటిగా ఎదురుగా.