ఇసకలో ఆగి కదిలే బండి

బెజవాడలో ఏలూరు రోడ్డు మీదున్న ఆ ట్రాక్టర్ల షాపులోకి వచ్చేవాళ్ళందరూ రైతులే. గుడివాడ నుంచో, కంకిపాడు నుంచో, కండువా భుజాన వేసుకుని, సలహాకి ఇద్దరు బావమరుదుల్ని వెంటపెట్టుకుని వస్తారు. అందుకని, డెబ్బై అయిదు వేసవి మొదట్లో ఒకరోజు పేరమ్మ లోపలికి రాగానే సేల్సుమన్ వెంకటకృష్ణారావు అలవాటు చొప్పున ఆవిడ వెనకున్న మగమనిషికి కుర్చీ చూపించి, "మాగాణి ఏమాత్రం ఉందండీ మీకు?" అని అడిగాడు.

ఆ మగమనిషి పేరమ్మ మరిది ఎల్లారావు. అతను నోరు తెరిచేలోగా ఆవిడే ఆ కుర్చీలో కూర్చుని జవాబు చెప్పింది.

"మాగాణి లేదు బాబూ. సముద్రం ఉంది."

వెంకటకృష్ణారావు నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే పేరమ్మకు నచ్చింది. వచ్చిన పని మొదటినుంచీ చెప్పుకొచ్చింది.

వాళ్ళది బందరు దాటాక సముద్రపొడ్డున ఉన్న చేపల పల్లె. పడవలు ఒడ్డుకు చేరే చోటికీ, ఐసు లారీ ఆగే రోడ్డుకీ మధ్య రెండు మైళ్ళ ఇసక. ఎడ్లబండి కడితే ఇరుసు దాకా దిగబడుతుంది. అందుకని తాతలనాటి నుంచీ ఆడవాళ్ళే గంపలు నెత్తిన పెట్టుకుని మోస్తున్నారు. పేరమ్మ కూడా కాపరానికి వచ్చిన మర్నాటి నుంచీ మోసింది. గంప కింద పెట్టుకునే చుట్టకుదురు ఒరిసి ఒరిసి ఆవిడ నడినెత్తిన రూపాయిబిళ్ళంత మేర జుట్టు మొలవడం మానేసింది. ఎండాకాలం ఆ ఇసక దాటేసరికి చేప మెత్తబడుతుంది. లారీ దగ్గర నిలబడ్డ వ్యాపారి బొటనవేలితో నొక్కి చూసి తనకు తోచిన ధర చెబుతాడు. వద్దంటే ఆ మెత్తబడ్డ చేపని మళ్ళీ ఎక్కడికి మోసుకుపోతారు? ఆ సంగతి అతనికీ తెలుసు, వీళ్ళకీ తెలుసు.

ఈ బాధ పడలేక పేరమ్మ భర్త పోలరాజు, ఇంకో అయిదు పడవలవాళ్ళూ కలిసి ట్రాక్టరు కొనాలని తీర్మానించుకున్నారు. ఏ ట్రాక్టరన్నది తేల్చే పని పేరమ్మకే వదిలారు. "నీళ్ళ మీద సంగతి నన్నడుగు, చెబుతా. ఇసక మీద సంగతి నీకు తెలిసినంత ఊళ్ళో ఎవరికి తెలుసు?" అన్నాడు పోలరాజు వల సర్దుకుంటూ. తోడుగా తమ్ముణ్ణి పంపాడు. ఎల్లారావు కొన్నాళ్ళు బెజవాడలో లారీ నడిపాడు. రేపు ఆ ట్రాక్టరుకు డ్రైవరు అతనే.

అంతా విని వెంకటకృష్ణారావు గడ్డం గోక్కున్నాడు. "పొలంలో దమ్ముకి ఏది మంచిదంటే కళ్ళు మూసుకుని చెబుతానమ్మా. మా ఇంట్లోనూ వ్యవసాయమే. సముద్రపొడ్డుకి మాత్రం ఇంతవరకూ మేం బండి అమ్మలేదు. ఇసకలో ఏది నడుస్తుందో నాకు తెలియదు."

"తెలియదని చెప్పావు, అంతే చాలు. చూసి తెలుసుకుందాం పద," అంది పేరమ్మ.

అప్పటికే ఎల్లారావు షాపు మధ్యలో ఉన్న ఎర్రబండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెనక చక్రాలు అతని గుండెల దాకా ఉన్నాయి. దాని పక్కన గోడవారగా చిన్నదొకటి నీలంరంగుది ఉంది. పెద్దదాంట్లో సగం కన్నా కొంచెం ఎక్కువ ఉంటుందేమో. మామిడితోటల్లో చెట్ల మధ్య దున్నుకోవడానికి కొంటారని చెప్పాడు వెంకటకృష్ణారావు. ఎల్లారావు దానివంక ఒక్కసారి చూసి ముఖం తిప్పుకున్నాడు.

యజమానిని ఒప్పించి, నడిపి చూపించడానికి ఉంచిన బండ్లు రెండూ వెనక తొట్లు తగిలించి తీయించాడు వెంకటకృష్ణారావు. బ్యారేజీ దిగువన కృష్ణ ఎండిపోయి కనుచూపు మేర ఇసక తేలి ఉంది. లారీలకు ఇసక ఎత్తే కూలీలు అక్కడే ఉంటే వాళ్ళకు చెప్పి రెండు బండ్ల వెనక తొట్లలోనూ ఇసక నింపించారు.

ముందు ఎర్రది. ఎల్లారావు ఎక్కి కూర్చుని పోనిచ్చాడు. గట్టు దిగిన ఊపులో అది బరువుని లెక్కచెయ్యకుండా సాగిపోయింది. కూలీలు పని ఆపి చూశారు. ఎల్లారావు వెనక్కి తిరిగి వదినవంక చూసి నవ్వాడు.

"ఆపు," అంది పేరమ్మ.

ఆపాడు.

"ఇప్పుడు పోనీ."

వెనక చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరిగాయి. ఇసక ఎగజిమ్మింది. ఎంత ఇంజను పెంచితే అంత లోతుకు దిగాయి.

"ఆపమనకపోతే వెళ్ళిపోయేదిగా వదినా," అన్నాడు ఎల్లారావు దిగివచ్చి.

"మన ఒడ్డున పడవలన్నీ ఒకచోట ఆగుతాయా? గాలి ఎటు తోస్తే అటు, నాలుగేసి బారల ఎడంలో. ఒక్కో పడవ దగ్గరా ఆగాలి, గంపలు ఎక్కించాలి, మళ్ళీ కదలాలి. ఆగకుండా పోయే బండి నాకెందుకు?"

చిన్నదాన్ని తెచ్చారు. ఆగింది. కదలమంటే అదీ దిగబడింది. పేరమ్మ వంగి, దిగబడ్డ చక్రం చూసింది. చిన్నది తేలిగ్గా ఉంటుంది కాబట్టి తప్పక నడుస్తుందని షాపులో చూసినప్పుడే మనసులో అనేసుకుంది. పొద్దున్నించీ ఆవిడ లెక్క తప్పింది అదొక్కచోటే.

ఇసక కూలీల మేస్త్రీ సొలొమోను దగ్గరికి వచ్చాడు. "మా లారీలు దిగబడితే టైర్లో గాలి కొంచెం వదులుతామండి. టైరు వెడల్పవుద్ది," అన్నాడు.

వెంకటకృష్ణారావు తల ఊపి, "మరీ తీస్తే టైరు పాడవుద్ది. ఎంతవరకు తీయొచ్చో నేను చెబుతా," అని పెట్టెలోంచి గాలి కొలిచే గేజి తీసి తనే కూర్చుని వదిలాడు. చక్రాల ముందు ఇసక చదును చేశాక ఎల్లారావు చిన్న గేరులో మెల్లగా పోనిచ్చాడు. నీలం బండి కాస్త వణికి, ముందుకు కదిలింది. పేరమ్మ ఆపమన్న ప్రతిచోటా ఆగింది, పొమ్మన్న ప్రతిసారీ కదిలింది.

"పెద్దదానికీ తీసి చూద్దాం," అన్నాడు ఎల్లారావు పట్టుదలగా.

"న్యాయమే. తియ్యండి," అంది పేరమ్మ.

చక్రాల ముందు తవ్వి, గాలి తీశాక పెద్దదీ కదిలింది. రెండుసార్లు ఆగి కదిలింది కూడా. మూడోసారి దాని బరువుకు అదే ఇరుసు దాకా కూరుకుపోయింది. సొలొమోను మనుషులు పారలు పట్టుకొచ్చి తవ్వుతుంటే ఎల్లారావు గట్టెక్కి కూర్చున్నాడు.

పేరమ్మ రెండు సోడాలు కొట్టించుకుని పోయి పక్కన కూర్చుంది. ఒకటి అతని చేతిలో పెట్టింది.

"ఊరంతా చెప్పాను వదినా," అన్నాడు ఎల్లారావు. "ఎర్రదే తెస్తానని. పిల్లలు దాని బొమ్మ ఇసకలో గీసుకున్నారు. ఈ బుడ్డదాని మీద కూర్చుని ఊళ్ళోకెళితే నవ్వుతారు."

"నవ్వుతారు. రెండ్రోజులు నవ్వుతారు." ఆవిడ సోడా తాగడం ముగించింది. "ఇంకో మాట చెబుతా విను. రోజూ దాంతో పడేది నువ్వు. నీ మనసొప్పకపోతే చెప్పు, ఇవాళ ఏదీ కొనకుండా బస్సెక్కి పోదాం. ఒప్పక నడిపే బండి నాలుగు కాలాలు నడవదు. ఎర్రది మాత్రం నేను కొనను."

ఎల్లారావు ఖాళీ సోడాబుడ్డిలో గోళీని కాసేపు అటూ ఇటూ ఆడించాడు. తరవాత లేచి, ఇసకలో దిగి, వెంకటకృష్ణారావు దగ్గరికి పోయి, "ఆ నీలందాని ఇంజను విప్పితే చూడనిస్తారాండీ?" అని అడిగాడు. ఆ సాయంత్రం దాకా షాపు వెనక మెకానిక్కుల మధ్య గ్రీజు పూసుకుని కూర్చున్నాడు. బయటికి వచ్చాక, "ఏదన్నా పాడైతే నేనే విప్పుకోగలను," అన్నాడు. ఒప్పుకున్నట్టు వేరే చెప్పలేదు. పేరమ్మ అడగనూలేదు.

కాగితాల పని తేలి బండి చేతికొచ్చిన రోజున బందరు రోడ్డు పట్టుకుని దానిమీదే ఇంటికి బయలుదేరారు. పేరమ్మ తొట్టిలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. కాలవ పక్కనే వచ్చింది చాలా దూరం. ఉయ్యూరులో ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉంటే టీ కోసం ఆపారు. వరసలో నిలిచిన ట్రాక్టరు దిగి ఒక పెద్దరైతు వచ్చి నీలం బండి మడ్‌గార్డు మీద వేళ్ళతో తట్టాడు. పేరు రామకోటేశ్వరరావని ఆయనే చెప్పాడు.

"కొనేదేదో కాస్త పెద్దది కొనకపోయారూ. ఇది ఎన్ని టన్నులు లాగుద్దని?"

పేరమ్మ మాట్లాడబోయింది. ఎల్లారావు ముందే అందుకున్నాడు.

"మీ బండి ఇసకలో ఆగి కదులుద్దాండీ?"

"ఇసకలో నాకేం పని?"

"మాకదే పనండి," అని ఎల్లారావు టీగ్లాసు దించి, టైరు వెడల్పు ఎందుకో, చిన్న గేరు ఎప్పుడు వెయ్యాలో, బరువు ఎక్కడ పడాలో ఆయనకు విడమరిచి చెప్పసాగాడు. చెరుకు బండ్లు కదిలాయని పిలుపు వచ్చేదాకా ఆయన వింటూనే ఉన్నాడు. పేరమ్మ గ్లాసు అంచు మీదుగా మరిదిని చూసి ఇంకో టీ చెప్పింది.

ఊళ్ళో నవ్వారు. పిల్లలు ఎర్రబండి ఏదని అడిగారు. అదంతా పేరమ్మ అనుకున్నదే. నాంచారమ్మ సంగతి మాత్రం అలా తేలిగ్గా తీసెయ్యడానికి లేదు.

నాంచారమ్మ గంపలు మోసే ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దది. మొగుడు పోయాక ఆ మోత కూలితోనే బతుకుతోంది. మొదటిరోజు పడవలు వచ్చి, గంపలన్నీ తొట్టిలోకి ఎక్కుతుంటే ఆవిడ తన గంప ఎవరినీ ముట్టనివ్వలేదు. నెత్తికెత్తుకుని, బండి పక్కనే నడవడం మొదలుపెట్టింది. మిగిలిన ఆడవాళ్ళు తొట్టి ఎక్కాలో నడవాలో తెలియక నిలబడిపోయారు.

పేరమ్మ బండి దిగింది. ఎల్లారావును పోనిమ్మని, నాంచారమ్మ పక్కన తనూ నడిచింది.

"కోపమా పిన్నీ?"

"కోపం దేనికే. నేను మోస్తే నాకు కూలి. అది మోస్తే దానికి డీజిలు. మధ్యలో నేనేం తినాలో చెప్పు."

"ఆ మాట బెజవాడ పోకముందే అనుకున్నాను. పడవలవాళ్ళందరి దగ్గరా ఒప్పించాను కూడా. నీకు చెప్పకపోవడం నా తప్పు. బండి రోడ్డు దగ్గర ఆగదు పిన్నీ. బందరు బజారు దాకా పోతుంది. నువ్వూ, నీతోపాటు మోసేవాళ్ళందరూ దానిమీదే వస్తారు. చేప మీరే అమ్ముతారు. అమ్మినదాంట్లో మీకు వాటా."

"ఈ వయసులో బజార్లో కూర్చుని అరవనా?"

"నువ్వు ఒడ్డున నిలబడి పిలిస్తే సముద్రంలో పడవ వెనక్కి తిరుగుద్ది. బందరు ఎంత?"

నాంచారమ్మ పెదవి కొంచెం కదిలింది. మళ్ళీ బిగించింది. "అమ్ముడుపోకపోతే?"

"పోనిరోజున నీ పాత కూలి నీకిస్తా. మా ఇంట్లోంచి ఇస్తా."

బండి చివరి పడవ దగ్గర ఆగింది. నాంచారమ్మ అక్కడిదాకా నడిచి, గంపను నెత్తిమీదనుంచి దించకుండానే కాసేపు నిలబడింది. చివరకు ఎల్లారావుకేసి మెడ వంచింది. అతను జాగ్రత్తగా అందుకుని తొట్టిలో పెట్టాడు. ఆవిడ ఎక్కి దాని అంచు పట్టుకునే కూర్చుంది. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కారు. బండి కదిలింది.

రోడ్డెక్కేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఐసు లారీ దగ్గర వ్యాపారి ఎప్పటిలాగే వచ్చి ఒక చందువా చేపను బొటనవేలితో నొక్కాడు. అది గట్టిగా ఉంది. రెండోది నొక్కాడు. నిన్నటికన్నా ఎక్కువ ధర చెప్పాడు.

"ఇవాళ్టికి బందరు పోతున్నామండి," అంది పేరమ్మ. "రేపూ వస్తాం. అక్కడి ధర తెలుసుకుని వస్తాం. అప్పుడు మాట్లాడుకుందాం."

అతను ఇంకేదో అనబోయి, తొట్టిలో కూర్చున్న ఆడవాళ్ళందరూ తనవంకే చూస్తున్నారని గమనించి పక్కకు తప్పుకున్నాడు.

బందరు బజారులో మొదట గంటసేపు నాంచారమ్మ గంప వెనక ముడుచుకుని కూర్చుంది. ఒకావిడ వచ్చి చందువా పట్టి చూసి, "నిన్నటిదేమో," అని పెదవి విరిచింది. ఆ మాటతో ముసలమ్మకు ఒళ్ళు మండిపోయింది. మొప్ప ఎత్తి ఎర్రగా చూపించి, ఈ చేప పొద్దున ఏ పడవలో వచ్చిందో, ఆ పడవ ఎవరిదో, వాళ్ళ తాత ఎవరో బజారంతా వినేట్టు చెప్పింది. జనం మూగారు. మధ్యాహ్నానికి గంపల్లో తడి మాత్రమే మిగిలింది.

తిరుగు ప్రయాణంలో నాంచారమ్మ ఎల్లారావు వెనక, తొట్టి ముందుపట్టీ పట్టుకుని నిలబడింది. రేపటినుంచి రొయ్య వేరే గంపలో వెయ్యాలనీ, గంపల మీద తడిగోనె కప్పాలనీ, బజార్లో వేపచెట్టు నీడన ఉన్న చోటు తనకే కావాలనీ, అక్కడ తను ముందే తుండుగుడ్డ వేసి వచ్చాననీ చెబుతూనే ఉంది. మధ్యమధ్యలో, "గుంటలున్నాయి, మెల్లిగా పోనీరా," అని అతనికి బండి నడపడం కూడా నేర్పింది. ఎల్లారావు అన్నిటికీ ఊ కొట్టాడు.

పేరమ్మ ఖాళీ గంపల మధ్య గోనెపట్టా సర్దుకుని కాళ్ళు బార్లా చాపుకుంది. ముసలమ్మ మాటలూ, ఇంజను చప్పుడూ కలిసిపోతుంటే, బందరు పొలిమేర దాటకముందే ఆవిడకు నిద్రపట్టేసింది.