కాలర్ కింద కార్డు

తడివేలితో ఇస్త్రీపెట్టె అడుగు తాకి, చుయ్‌మన్న చప్పుడు విన్నాక తుమిరా తెల్లచొక్కా కాలరు బల్ల మీద పరిచింది. మూతకు చిల్లులు పొడిచిన సీసాతో నీళ్ళు చిలకరించింది. పక్కనున్న కార్డు తీసి, దాని మూలను కాలరు మొనలోకి దూర్చి, మొన సూటిగా నిలబడేలా ఒక్క నెట్టు నెట్టింది. పైనుంచి పెట్టె నడిపి, కార్డును మెల్లగా వెనక్కి లాగింది. మొన కత్తిలా వచ్చింది. కర్రపెండలం గంజి ఉడికిన వాసన గదంతా నిండింది.

ఆమెకు అరవై దాటాయి. కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి వాలి ఉంటుంది, ఇన్నేళ్ళు పెట్టె బరువు మోసినందుకు. మణికట్టు మీద పాత వాతలు వరుసగా ఉంటాయి. ముందుపళ్ళు పైవరసలో లేవు. అవి పోయినప్పట్నుంచీ నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. అంతకుముందు ఆమె నవ్వితే సందు చివర మసీదు దాకా వినిపించేదని పేటలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. రిక్షా తొక్కే ఆమె మొగుడు కర్తో, ఆ నవ్వు వినే తాను ఇంటిదారి పడతానని అందరి ముందూ అనేవాడు. అతను పోయి చాలా కాలమైంది.

సోలో ఊళ్ళో రైలుకట్ట వెనకున్న ఆ పేటలో ఇస్త్రీ అంటే తుమిరాదే. తొలిరోజుల్లో బొగ్గుల పెట్టె ఉండేది, మూత గొళ్ళానికి ఇత్తడి కోడిపుంజు బొమ్మ. నిప్పులు పోసి, అరిటాకు మీద ఒకసారి రుద్దితే అడుగు నున్నగా జారేది. అరిటాకు కాలిన ఆ కమ్మటి వాసన ఇప్పుడు తలుచుకున్నా ఆమెకు కర్తో ఉన్న రోజులే గుర్తొస్తాయి. ఆ కోడిపుంజు పెట్టె ఇంకా అటక మీదే ఉంది, అమ్మడానికి ఆమెకు మనసు రాలేదు.

"అమ్మా, నా కోటు అయిందా?" అంటూ వెనింగ్ తల దువ్వుకుంటూ వచ్చింది. ఆమె ఒక్కతే కూతురు. ఊళ్ళోని పెద్ద మాల్‌లో, కదిలే మెట్ల పక్కన బల్ల వేసుకుని, వచ్చేపోయే వాళ్ళకు క్రెడిట్ కార్డులు అంటగట్టే ఉద్యోగం. నీలం కోటు వేసుకుని, రోజంతా నిలబడి, నవ్వుతూ పిలవాలి. ఆ కోటు ఇస్త్రీ తల్లిదే.

"అదిగో, వంకెకుంది. మోచేతులు బల్ల మీద ఆనించకు, మెరుపులొస్తున్నాయి."

వెనింగ్ కోటు తీసుకోబోయి ఆగిపోయింది. "అమ్మా! మళ్ళీ దాంతోనేనా? అది కార్డమ్మా!"

"కార్డే. కాదన్నానా? కాలర్‌కి కొలిచి చేసినట్టుంది."

ఆ కార్డు తుమిరాదే. బ్యాంకువాళ్ళు వెనింగ్ ఖాతా మీద ఇంట్లోవాళ్ళకు ఇంకొకటి ఇస్తామంటే, తల్లి పేరున తెప్పించింది. అది వచ్చిన రోజు తుమిరా చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకు కూర్చుంది. చదువు పెద్దగా లేకపోయినా తన పేరు అక్షరాలు గుర్తుపడుతుంది. అవి ప్లాస్టిక్ మీద ఉబ్బెత్తుగా లేచి ఉన్నాయి. బొటనవేలితో వాటిని తడిమి, నా పేరు ఇంత అందంగా ఎవరూ రాయలేదే అని మురిసిపోయింది. ఆ వారం తిరక్కుండానే అది కాలర్ల కిందికి చేరింది. వేడికి అంచు ఒక పక్క వంకర తిరిగింది.

"దాన్ని ఇవాళ కాస్త కడిగి సంచిలో వేసుకో," అంది వెనింగ్. "సాయంత్రం నాలుగింటికి పళ్ళ డాక్టరమ్మ దగ్గర రాయించాను. మాల్‌లోనే, నా బల్లకి పై అంతస్తులో. కార్డు గీస్తే చాలు, నెలనెలా కొంచెం కొంచెం పోతుంది. కొలతలు తీసుకుంటే వారంలో పళ్ళు నోట్లో ఉంటాయి."

"నాలుగింటికి అరిసాన్ చీటీ ఉందే."

"ఒక్క నెల నువ్వు లేకపోతే ఆ చీటీ ఆగిపోతుందా?"

"ఇవాళ గ్లాసులో రెండే పుల్లలు మిగిలాయి. నాదీ, లసియెమ్‌దీ. నాదొస్తే ఆ డబ్బుతోనే పళ్ళు. మెత్తటివే తిని తిని విసుగొచ్చిందే. పెయెక్ చెక్క ఒకటి కరకరా కొరకాలనుంది."

"రాకపోతే? నా పెళ్ళికి రెండు నెలలు కూడా లేవు. ఫోటోలో నువ్వు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే నేనూరుకోను, ముందే చెబుతున్నా. ఎందుకమ్మా ఈ ఎదురుచూపులు? మెషీన్‌లో ఒక్క గీత!"

తుమిరా పెట్టెను నిలువుగా ఆనించింది. ఆమెకు కార్డు మీద కోపమేమీ లేదు. పోయిన వానాకాలం స్నేహితురాలు లసియెమ్ మనవడికి జ్వరం ముదిరి, ఆస్పత్రిలో చేర్చడానికి ముందు డబ్బు కట్టమంటే, వెనింగ్ తన కార్డు గీసి చేర్పించింది. ఆ రోజు తుమిరా ఆ కార్డును కళ్ళకద్దుకుంది.

"జ్వరం ఆగదు. దానికి నీ కార్డే కావాలి, కాదనను," అంది. "పళ్ళు ఆగుతాయే."

"నీతో వాదించి గెలిచినవాళ్ళున్నారా! నాలుగింటికి కింద నించుంటాను, రావాలి."

"చూస్తాలే" అంది తుమిరా, రానని చెప్పడానికి ఆమె వాడే మాట అదేనని ఇద్దరికీ తెలుసు.

వెనింగ్ వెళ్ళాక పని మధ్యాహ్నం దాకా సాగింది. కాలేజీ పిల్లల చొక్కాలు, మేష్టారి ప్యాంట్లు, ఎవరిదో పెళ్ళికి బాటిక్ బట్ట. మధ్యలో చల్లారిన అన్నంలో చారు పోసుకుని, దవడపళ్ళతోనే మెత్తగా నమిలి తినేసింది. ఆ ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ అరిసాన్ గ్లాసులోంచి వచ్చిందే. అద్దాల బీరువా ఆమె వంతు మొదటిసారి వచ్చిన ఏడాదిది. వెనింగ్ స్కూలు సైకిలు మరో ఏడాది. పైకప్పు పెంకులు, వరదొచ్చిన ఏడాది. ఏ వస్తువు చూసినా, ఆ రోజు ఎవరింట్లో కూర్చున్నారో, ఏం తిన్నారో, ఎవరు ఎవర్ని ఏడిపించారో గుర్తొస్తుంది. కొన్న షాపు మాత్రం గుర్తుండదు.

చేతిలో ఉన్న కరెంటు పెట్టె కథ వేరు. కర్తో చనిపోయిన నెలలో చీటీ లసియెమ్‌కు తగిలింది. సోయాగింజల టెంపే వేపుళ్ళ బండి కొనాలని ఆమె ఏడాదిపాటు ఎదురుచూసిన వంతది. పుల్ల విప్పి తన పేరు చూసుకుని, మళ్ళీ చుట్టి గ్లాసులో పడేసి, "తుమిరా పేరు రాసుకోండి" అని లేచి వెళ్ళిపోయింది. ధన్యవాదాలు చెప్పించుకోవడం కూడా ఆమెకు చేతకాదు. ఆ డబ్బుతో తుమిరా ఈ పెట్టె కొంది.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఆడవాళ్ళంతా హర్తి ఇంటి వరండాలో చాపల మీద చేరారు. హర్తి పేటపెద్దకు భార్య. గ్లాసు ఆమె దగ్గరే ఉంటుంది, పైన కట్టిన ప్లాస్టిక్ కాగితానికి మధ్యలో చిల్లి. లోపల కూల్‌డ్రింకు పుల్లల ముక్కలు, ఒక్కోదానిలో ఒక్కో పేరు చుట్టి ఉంటుంది. తుమిరా తన వాటా ఇచ్చి, టీ గ్లాసు అందుకుని కూర్చుంది.

లసియెమ్ ఇవాళ వట్టిచేతులతో వచ్చింది. అరిసాన్‌కి వేపుళ్ళు తేకుండా ఆమె ఎన్నడూ రాలేదు. పైగా ముసుగు అంచున మట్టి మరకలు ఉన్నాయి. తుమిరా హర్తి పక్కకు జరిగింది.

"ఏమైంది దానికి?"

"రాత్రి వానకి వంటింటి కప్పు కూలి పొయ్యి మీద పడింది అక్కా. బండి సరుకంతా బురద. ఎవరికీ చెప్పొద్దంది, నువ్వూ అనకు," అంది హర్తి గొంతు తగ్గించి.

హర్తి గ్లాసు పట్టుకుని గలగలా ఊపింది. రెండు పుల్లలే కాబట్టి చప్పుడు పలచగా ఉంది. ఒకటి చిల్లిలోంచి జారి చాప మీద పడింది. విప్పి చూసి హర్తి అరిచింది: "తుమిరా!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది లసియెమ్. "అయ్యో, ఇక దీంతో వేగలేం! పళ్ళొస్తే మమ్మల్నే కరుస్తుంది!" అంది. చాపలన్నీ నవ్వాయి. తుమిరా కూడా చేతి చాటున నవ్వింది. నవ్వుతూనే లసియెమ్ చేతులు చూసింది. గోళ్ళ సందుల్లో ఇంకా ఇటుకమట్టి ఉంది.

పెయెక్ చెక్క ఒకటి పళ్ళెంలో ఆమె ఎదురుగానే ఉంది. కాసేపు దాన్నే చూసింది. తర్వాత హర్తి చేతిలోని కాగితం తీసుకుని, సన్నగా చుట్టి, పుల్లలోకి దూర్చి, గ్లాసులో వేసేసింది.

"లసియెమ్ పేరు రాసుకో" అంది.

"ఏయ్, ఏం పని ఇది?" లసియెమ్ మొహం ఎర్రబడింది. "నాకేం అవసరం లేదు. పళ్ళు కట్టించుకో ముందు, పిల్ల పెళ్ళి దగ్గరకొస్తోంది."

"నోరు మూసుకు తీసుకో. పెట్టె ఇచ్చిన రోజు నేను నీతో వాదించానా? వచ్చే నెల ఆ గ్లాసులో నేనొక్కదాన్నే. ఊపకపోయినా నాదే. మూడేళ్ళుగా లేని పళ్ళు ఇంకో నెల లేకపోతే కొంప మునుగుతుందా?"

లసియెమ్ చాప మీద పళ్ళెం దగ్గరికి లాక్కుని, ఒక పెయెక్ చెక్కను వేళ్ళతో పొడి పొడి చేసి, తుమిరా టీ సాసర్లో పోసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చీకటి పడే వేళకు వెనింగ్ ఇంటికి వచ్చింది. వస్తూనే సంచి కుర్చీలో విసిరింది. తుమిరా ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో కార్డు పట్టుకుని, మర్నాటికి వెనింగ్ రెండో నీలం కోటు ఇస్త్రీ చేస్తోంది.

"కాళ్ళు పీకేదాకా నించున్నా! ఆ డాక్టరమ్మ, మీ అమ్మగారు వస్తారా రారా అని అడిగి అడిగి తలుపేసుకుంది. పోనీ, వంతు వచ్చిందా?"

"వచ్చింది."

"డబ్బేదీ?"

"లసియెమ్ వంటింటికి పోయింది."

సంగతంతా విన్నాక వెనింగ్ నడుము మీద చేతులు పెట్టుకుంది. "కార్డు గీస్తే నీకు పళ్ళొచ్చేవి కదమ్మా!"

"పళ్ళొచ్చేవి. దానికి కప్పు?"

"దానికీ గీసేదాన్ని!"

"ఆ తర్వాత నెలనెలా ఎవరు కట్టేది? నీకు కాబోయే మొగుడా?"

"వాడే! ఇప్పట్నుంచీ అలవాటు చేస్తే మంచిది, పెళ్ళయ్యాక కొత్తగా ఉండదు."

తుమిరాకు నవ్వు ఆగలేదు. ఒక చేతిలో కాలే పెట్టె, ఇంకో చేతిలో కార్డు, నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆమె అలాగే నోరంతా తెరిచి, చిగుళ్ళు కనబడేలా, భుజాలు ఊగిపోతూ నవ్వింది. వెనింగ్ మూడేళ్ళుగా వినని నవ్వది. సందులో పోతున్న ఎవరో ఆగి, "ఏమిటి తుమిరక్కా, ఏం దొరికింది?" అని కేకేశారు. వెనింగ్ కోపం కాస్తా ఎటో పోయింది. తల్లి పక్కన బల్లకు ఆనుకుని తనూ నవ్వింది.

మర్నాడు పొద్దున నమాజుకు తల్లి లేవలేదని వెనింగ్ గదిలోకి వెళ్ళింది. తుమిరా ఎడమ పక్కకు తిరిగి, వాలిన కుడి భుజం పైకి ఉండేలా పడుకునే ఉంది. నిద్రలోనే పోయిందని వచ్చిన డాక్టరు చెప్పాడు. స్నానం చేయించిన వాళ్ళలో లసియెమ్ ముందుంది. తడిబట్టతో ఆ మణికట్టు వాతలు ఒక్కొక్కటే తుడిచింది. మధ్యాహ్నం లోపే ఖననం అయిపోయింది.

పళ్ళు ఆగుతాయి అంది. పళ్ళు ఆగేవే. అమ్మే ఆగలేదు. మాల్‌లో నీలం కోటు వేసుకుని నవ్వుతూ జనాన్ని పిలుస్తున్నంతసేపూ వెనింగ్‌కు ఈ మాటే లోపల తిరిగేది. ఆ రోజు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి గీయించి ఉండాల్సిందని ఒకసారి, గీయించి ఉంటే ఆ నవ్వు విని ఉండేదాన్ని కాదని ఒకసారి ఏడుపొచ్చేది.

నెల తిరిగాక ఆడవాళ్ళంతా ఈసారి తుమిరా ఇంట్లోనే చాపలు పరిచారు. లసియెమ్ కొత్త పొయ్యి మీద వేయించిన టెంపే తెచ్చింది. గ్లాసులో ఒక్క పుల్లే ఉంది. అయినా హర్తి ఎప్పట్లాగే అది పడేదాకా గ్లాసు ఊపింది. పుల్ల విప్పి పేరు చదివి, డబ్బు కవరు వెనింగ్ చేతిలో పెట్టింది. కొత్త చుట్టుకు పేర్లు రాస్తూ, "నీ పేరు రాయనా తల్లీ?" అని అడిగింది.

"కాగితం మార్చకండి అత్తా. అమ్మ పుల్లే వేయండి. వాటా నేను కడతాను," అంది వెనింగ్.

అందరూ వెళ్ళిపోయాక బ్యాంకుకు ఫోన్ చేసి, తల్లి పేరున్న కార్డు ఆపించమంది. అవతలి అమ్మాయి తనలాంటి గొంతుతోనే, చాలా మర్యాదగా, "ఈ కార్డు ఒక్కసారి కూడా వాడలేదండి. రెండు ముక్కలుగా కత్తిరించి పారేయండి" అంది. వెనింగ్ కత్తెర తీసుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ రాత్రి ఇస్త్రీ చేసిన కోటు ఇంకా వంకెకే ఉంది, దాన్ని ఆమె అప్పట్నుంచీ వేసుకోలేదు. కాలరు ఎత్తి చూసింది. మొన చెడిపోకుండా లోపల దూర్చిన కార్డు అలాగే ఉంది. అంచు వంకర తిరిగి, మూలల్లో గంజి తెల్లగా ఎండి, ఉబ్బెత్తుగా ఉండాల్సిన తుమిరా పేరు అరిగి అరిగి నున్నబడిపోయి ఉంది.