చుక్క పొడిచేదాకా

మల్లాపూర్‌లోని తన మసాలా ఫ్యాక్టరీ చంద్రిక నాలుక మీదే నడుస్తోందని నరసింహమూర్తిగారు ఎక్కడ పడితే అక్కడ చెప్పుకుంటారు. ఆవిడ చిటికెడు పొడి నోట్లో వేసుకుని ‘ఊఁ’ అంటేనే సరుకు లారీ ఎక్కుతుంది. పద్నాలుగేళ్ల నుంచీ అదే పద్ధతి. అలాంటి నాలుక, మొన్న విషజ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి మొద్దుబారిపోయింది. ఉప్పు తెలియదు, పులుపు తెలియదు, వాసన అసలే లేదు. మిరపకాయ కొరికితే మంట పుడుతుంది, అంతే. రుచి తెలియని మనిషికి రుచి చూసే ఉద్యోగం ఎవరిస్తారు? అందుకే దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, రంగు చూసి, పాత కొలతలు చూసి, మూడు వారాలుగా ‘ఊఁ’ అంటూ నెట్టుకొస్తోంది.

సరిగ్గా ఇప్పుడే పెద్దాయనకు సరదా పుట్టింది. బొంబాయిలో ఏదో హోటల్లో చూసొచ్చారట. ముందు అందరూ వైన్ రుచి చూడాలి, తర్వాత అందరూ కలిసి వంట నేర్చుకోవాలి. స్టాఫ్ పన్నెండు మందికీ నాచారంలో ఒక మేడ మీద ఏర్పాటు చేశారు. నేర్పే అమ్మాయి మనస్వినికి కుదిరింది సోమవారమే. అది కార్తీక సోమవారమని ఆయన చూసుకుంటేగా! చంద్రికకు మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎన్నడూ లేనిది, ‘నాకు ఉపవాసం’ అనేసింది. అన్న పాపానికి పొద్దుటి నుంచీ నిజంగానే ఏమీ తినలేదు.

సాయంత్రం అయిదున్నరకు గ్లాసులు వరసగా పెట్టారు. మిక్సింగ్ సెక్షన్ దామోదర్ గ్లాసు ముక్కు దాకా తెచ్చి ఆపాడు.

“సోమారం నేను ముట్ట సార్. వాసన జూస్త, గంతే.” చూశాడు. “గీ దాన్ల నేరేడు పండు వాసనొస్తున్నది!”

మనస్విని చప్పట్లు కొట్టింది. నరసింహమూర్తిగారు చంద్రిక వైపు తిరిగారు. “మా చంద్రిక చూసిందంటే ఏ తోటదో కూడా చెప్పేస్తుంది. తాగొద్దులే తల్లీ, ఒక్కసారి వాసన చూడు.”

“ఆఘ్రాణమే అర్ధభోజనం అంటారు కదండీ. వ్రతభంగమవుతుంది.”

“ఎంత నిష్ఠ!” అన్నారాయన. చంద్రికకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

కార్తీకమని మనస్విని కోడికూర మానేసి గుత్తివంకాయ పెట్టింది. ఒక్కొక్కరూ ఒక్కో పని చేయాలంది. వంకాయలు చీరి నీళ్లలో వేసిన వాళ్లు నల్లబడకుండా ఆ నీళ్లలో ఉప్పు వేశారు. కారం కూరిన వాళ్లు ఆ కారంలో వేశారు. చింతపండు పిసికిన దామోదర్ పులుసులోనూ వేశాడు. ఎవరి చేతి ఉప్పు వాళ్లదే, పక్కవాణ్ణి అడిగిన వాడు లేడు.

“ఉపవాసం ఉన్న మనిషే ముందు తినాలి. చుక్క పొడిచాక చంద్రిక రుచి చూసి ఊఁ అన్నాకే మనందరికీ,” అని పెద్దాయన తీర్మానించారు.

ఇంటికి దింపే వ్యాను ఎనిమిదింటికి గానీ రాదు. చంద్రిక పిట్టగోడ పట్టుకుని ఆకాశం వైపు చూస్తూ నిలబడింది. లోకమంతా చుక్క కోసం ఎదురుచూసే వేళ, కనపడకుంటే బాగుండునని మొక్కుకున్నది ఆమె ఒక్కతే అయి ఉంటుంది. కాప్రా వైపు మబ్బు పట్టింది. ఆశ పుట్టింది.

“మేడం, ఉప్పల్ దిక్కు సూడున్రి, పొడిసింది!” దామోదర్ కేక.

“అది స్టేడియం లైటేమో...”

“లైటు గాదు మేడం, సుక్కనే. పొద్దుగాల్నుంచి ఉపాసమున్నవు, రా, తిను.”

పాపం, వాడి గొంతులో ఎంత జాలి! పీట వేశారు, విస్తరి వేశారు. అందరి మొహాలూ ఆమె నోటి వైపే తిరిగాయి. చంద్రిక ముద్ద నోట్లో పెట్టుకుంది. వేడి తెలిసింది, మెత్తదనం తెలిసింది. అంతకు మించి మట్టి ముద్దకూ దానికీ తేడా తెలియలేదు.

“ఊఁ,” అంది. “ఉప్పు సరిగ్గా సరిపోయింది.”

అందరూ ఆవురావురుమంటూ కూర్చున్నారు. మొదటి ముద్దకే దామోదర్ కళ్లు చికిలించాడు. మనస్విని నములుతూ ఆగిపోయింది. అయినా ఒక్కరూ కిమ్మనలేదు. ఆవిడ సరిపోయిందన్నాక తమ నాలుకదే తప్పనుకున్నారు కాబోలు. “అద్భుతం,” అన్నారు నరసింహమూర్తిగారు గటగటా నీళ్లు తాగి. మంచినీళ్ల జగ్గు చేతులు మారింది. మళ్లీ నింపారు. మళ్లీ ఖాళీ అయింది.

చంద్రికకు అర్థమైంది. పట్టుబడతానని మూడు వారాలుగా వణికింది. వీళ్లు తనను ఎప్పటికీ పట్టుకోరు. తను ఊఁ అంటే విషమైనా తింటారు. రేపు అదే ఊఁతో లారీలు ఊళ్లకు పోతాయి.

“సార్,” అంది లేచి నిలబడి. “నాకు రుచి తెలియడం లేదండీ. మూడు వారాలైంది. ఈ కూర ఎలా ఉందో నాకు తెలియదు.”

నరసింహమూర్తిగారు ఆమెను ఎగాదిగా చూసి పకపకా నవ్వారు.

“రుచి తెలియకపోతే మరి ఈ మూడు వారాల సరుకు ఎవరు పాస్ చేశారమ్మా? ఒక్క ప్యాకెట్ అయినా తిరిగొచ్చిందా?”

అందరూ నవ్వారు. ఎవరో ఉపవాసం నీరసమన్నారు. దామోదర్ వంగి ఆమె విస్తట్లో ఇంకో రెండు వంకాయలు వడ్డించాడు.

“కడుపు నిండ తిను మేడం. రేపు పొద్దుగాల్నే నీ ఊఁ కోసం లారీ నిలవడ్తది.”

చంద్రిక కూర్చుని ముద్ద కలిపింది.