కృపానందం ద్రాక్ష పండించిన ఏడు

మద్రాసు ఓడ ఆలస్యమైనప్పుడల్లా దీవుల్లోని తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రభువు బల్ల వాయిదా పడేది. ఆ సంస్కారంలో అందరూ పుచ్చుకునే ద్రాక్షారసం ఆ ఓడలోనే రావాలి. అడవిశాఖ గుమాస్తా, సంఘపెద్ద అయిన కృపానందానికి ఇది తలవంపుగా తోచింది. "ఓడ కోసం కాచుకునే భక్తి ఏం భక్తి? మన రసం మన పెరట్లోనే పండిస్తా" అని అందరి ఎదుటా ప్రకటించి, తీగ ముక్కలు తెప్పించి, ప్రోతరాపూర్‌లో ఇంటి వెనక పందిరి వేశాడు. ఆ ముక్కలూ మద్రాసు ఓడలోనే వచ్చాయన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ దీవుల్లో మేలో పట్టిన వాన డిసెంబరు దాకా వదలదు. మూడేళ్లూ పూత పూసింది, బూజు పట్టింది, రాలిపోయింది.

నాలుగో ఏడు వాన అక్టోబరులోనే ఆగిపోయింది. బావులు అడుగంటాయి. ఆడవాళ్లు బిందెలతో నీళ్ల లారీ ముందు వరస కట్టారు. కృపానందం పందిరి మాత్రం గుత్తులతో వంగిపోయింది.

"మా బెండ మొక్కలన్నీ మాడిపోయాయి భయ్యా. తుమ్హారా అంగూర్ ఎలా కాసింది?" అని పొరుగింటి సింహాచలమ్మ హిందీ కలిసిన దీవుల తెలుగులో అడిగింది. ద్రాక్షకు ఎండే బలమని చెప్పబోయి, ఆవిడ చంకలో ఖాళీ బిందె చూసి ఆగిపోయాడాయన.

మార్చిలో పాస్టరు దేవప్రసాద్ వర్షం కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టి, దాన్ని కృపానందానికే అప్పగించాడు. కాయలు పండడానికి ఇంకా పదిహేను రోజులు కావాలి.

"ప్రభువా, వర్షము దయచేయుము. నీ చిత్తమైన సమయమందే దయచేయుము. తొందర లేదు తండ్రీ" అని ముగించాడు. సగం మందే ఆమేన్ అన్నారు.

దారిలో భార్య మేరమ్మ అంది: "దేవుడికి టైమ్ టేబుల్ ఇచ్చారా? రోజూ లైన్లో ఘంటా సేపు ఖడీ ఉండేది నేను."

"ఆయన చిత్తమనే కదా అన్నాను."

"తొందర లేదని కూడా అన్నారు. నేను విన్నా. ఆయన కూడా సునా హోగా."

మూడో రోజు మధ్యాహ్నం నల్లటి మబ్బు లేచింది. కృపానందం బుట్ట పట్టుకుని పందిరి కిందికి పరుగెత్తాడు. మేరమ్మ చూరు కింద బిందెలు పేర్చుకుంటోంది, సాయానికి రాలేదు. అందినన్ని పచ్చి గుత్తులు కోశాడు. అందనివి రెండు రోజుల వాన తాగి, ఉబ్బి, పగిలాయి. పచ్చివీ పగిలినవీ కలిపి పిసికి జాడీలో పోశాడు. రేషను పంచదార చెంచాడు కూడా ఇవ్వనంది మేరమ్మ.

ఈస్టరు నాడు ముందుగా పుచ్చుకున్న దేవప్రసాద్ చాలాసేపు కళ్లు తెరవలేదు. సంఘం దాన్ని భక్తి అనుకుంది, తమ వంతు వచ్చేదాకా. ముసలి బాలస్వామికి కన్నీళ్లు కారాయి.

"సిలువ మీద ప్రభువు పుచ్చుకున్న పుల్లటి చిరకను ఇంత బాగా ఏ ప్రసంగమూ జ్ఞాపకం చేయలేదు" అన్నాడు దేవప్రసాద్ చివర్లో. అది పొగడ్త కాదని కృపానందానికి ఇంటికి చేరాక తెలిసింది. అన్నం వద్దని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

సాయంత్రం సింహాచలమ్మ సీసా పట్టుకుని వచ్చింది. "మీ ఇంట్లో అచ్ఛా సిర్కా ఉందంట భయ్యా. చేపలకి కొంచెం ఇస్తారా?"

"అది ప్రభువు బల్ల కోసం చేసింది" అన్నాడు ఉక్రోషంగా.

"చేపలు పంచింది కూడా ఆయనే కదండీ" అని మేరమ్మ జాడీ మూత తీసింది.

మర్నాడు సింహాచలమ్మ వేయించిన చేపలు పంపింది. కృపానందం మొదటి ముక్క అయిష్టంగానే నోట పెట్టుకున్నాడు. కాసేపటికి కంచం ముందుకు జరిపి, "ఇంకోటి వెయ్యి" అన్నాడు.