తీగ కాపలా

బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఒక కన్ను మూసి, తీగ వంక చూస్తున్నాడు కొలతాయన. పెద్ద కరెంటు తీగ మరి. జనం వాడేకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ కిందికి వాలుతుంది. అవతల స్తంభం మీద ఎర్ర గీత ఉంది. తీగ ఆ గీతకి దిగిందంటే ఫోన్ చెయ్యాలి. సబ్‌స్టేషన్ వాళ్ళు ఒక వీధికి కరెంటు ఆపి తీగ బరువు దించుతారు. ఇరవయ్యారేళ్ళుగా ఎండాకాలమంతా ఇదే పని. మూసీ మూసీ ఎడమ కన్ను చుట్టూ చర్మం ముడతలు పడిపోయింది.

మొదట ఆపేది ఆయన వీధే. ఆ వరస ఎవరు రాశారో గానీ, అట్లా రాశారు.

ఇంట్లో భార్యకి ఊపిరితిత్తులు చెడి రెండేళ్ళయింది. మిషను ఆడితేనే ఊపిరి. "నీ తీగ నడుం వాలిస్తే నా ప్రాణం మీదికొస్తోందయ్యా. సవతిని తెచ్చినా ఇంతకంటే నయం. అది మధ్యాహ్నమన్నా కాసేపు నిద్రపోయేది" అంటుంది, నవ్వుతూ, దగ్గుతూ. కరెంటు పోతే ఆక్సిజన్ సిలిండరు పెడతారు. అది నిన్న అయిపోయింది. కొత్తది రేపొస్తుందన్నారు.

పొద్దున ఆయన బయల్దేరుతుంటే అడిగింది, "ఇవాళొక్క రోజు చూసీ చూడనట్టు ఉండకూడదూ?"

ఆయన చెప్పులు వేసుకున్నాడు. చాన్నాళ్ళ కిందట ఇట్లానే ఒకడు చూసీ చూడనట్టు ఉన్నాడు. కిందనుంచి పోయే గడ్డి లారీ మనిషితో సహా బూడిదైంది. మిగిలింది దుప్పట్లో ఎత్తింది ఈయనే.

ఇవాళ్టితో ఆయన పని ఆఖరు. తీగకి కొత్తగా ఒక చిన్న పెట్టె బిగించారు. ఎండా గాలీ అదే చూసుకుని, తీగ ఇంకెంత మోయగలదో ఆఫీసుకి చెబుతుందట.

రెండున్నరకి తీగ గీతని తాకింది. సరిగ్గా అప్పుడే మెడ మీది చెమట చల్లబడింది. గాలి లేచింది. గాలి తగిలితే తీగ చల్లారి పైకి లేస్తుందని ఆయనకి తెలుసు. కానీ రూలులో గీత ఉంది, గాలి లేదు.

ఫోన్ చేశాడు. "దిగింది."

"మీ వీధే పోతుంది పెద్దాయనా. గంట దాకా మళ్ళీ ఇవ్వడం కుదరదు. ఆపెయ్యమంటారా?" అన్నాడు ఆపరేటరు.

"ఆపు."

సైకిలెక్కి తొక్కాడు. దారిలో రెండుసార్లు చైను ఊడింది. రెండుసార్లూ దిగి ఎక్కించుకున్నాడు.

ఇంటి తలుపు తీసే ఉంది. పక్కింటావిడ అట్టముక్కతో ఆమెకి విసురుతోంది. "ఇప్పుడే ఊపిరి ఆగింది అన్నయ్యా" అంది, విసరడం ఆపకుండా.

జేబులో ఫోన్ మోగింది. ఆపరేటరే.

"పెద్దాయనా, పెట్టె ఏం చెప్పిందో తెలుసా? గాలొచ్చింది, ఆపక్కర్లేదంది! ఇంకో రెండు వీధులకైనా మోసేదట. కానీ మీకు ఆఖరి రోజు కదా, మీ మాటే నెగ్గనిమ్మన్నారు ఇంజనీరుగారు. మీకు మర్యాద చేశామన్నమాట!"

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

"మంచిది బాబూ" అన్నాడు కొలతాయన.

మంచం పక్కన స్టూలు మీద, ఆమె ఆయన కోసం ఒలుస్తూ ఒలుస్తూ వదిలేసిన కమలాపండు. తొక్క ఎక్కడా తెగలేదు, ఒక్కటే పొడుగున కిందికి వేలాడుతోంది.