చెరువుగట్టు మీద సమ్మెట

నేను ఒక కంప్యూటరు పెట్టెని. మీ బల్ల కింద కాళ్లకు అడ్డం పడుతూ దుమ్ము తింటూ ఉంటుందే, ఆ నల్ల డబ్బాని. ఇప్పుడు నాకు ఒక పక్క రేకు లేదు, లోపల డిస్కు లేదు. డిస్కు లేనిదానివి, ఇవన్నీ నీకెలా గుర్తున్నాయని అడక్కండి. తన్నులు తిన్నవాళ్లకు అన్నీ గుర్తుంటాయి.

నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. ఆకివీడులో మోటార్లకు వైండింగ్ చేసే మరిడయ్య, చచ్చిన కంప్యూటర్లలోంచి పనికొచ్చే భాగాలు పీకి నన్ను తయారుచేశాడు. స్క్రూ పట్టని చోట సుత్తి పట్టాడు. ఎప్పుడైనా నేను మొరాయిస్తే నెత్తిన ఒక్కటిచ్చేవాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ దెబ్బకు చాలాసార్లు పనిచేశాను కూడా.

నన్ను చేయించింది అతని మరదలు హైమావతి. షాపు వెనక గదిలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబు ఆమెది. అప్పటిదాకా చుట్టుపక్కల రొయ్య రైతులంతా ఒక పెద్ద కంపెనీ వాళ్ల ఉచిత గ్రూపులో మాట్లాడుకునేవారు. ఒకసారి సముద్రం ఒడ్డునున్న ఒక హేచరీ మీద తిట్లు రాశారు. అక్కడ కొన్న సీడు, అంటే రొయ్యపిల్లలు, చెరువులో వెయ్యగానే చస్తున్నాయని. హేచరీ మనుషులు మూకుమ్మడిగా ఫిర్యాదులు పెట్టారు. తెల్లారేసరికి గ్రూపు మాయం. అడుగుదామంటే గుమ్మం లేదు, తందామంటే మనిషి లేడు.

"మన అరుగు మనదే అవ్వాలి బావా. ఎవడో వేసిన అరుగు మీద కూర్చుంటే ఎవడో లేపేస్తాడు," అంది హైమావతి. ఆ మాటన్నప్పుడు ఆమె చేతిలో పరీక్ష గొట్టం ఉంది. అది గోడకు తగిలి పగిలింది. ఆవిడ కోపం అలాంటిది.

ప్రోగ్రాం కోడంతా ఎవరైనా చూసుకుని, మార్చుకుని, ఉచితంగా వాడుకోగల చర్చావేదిక సాఫ్ట్‌వేర్ల కోసం బావామరదళ్లు వెతికారు. ఒకటి పెళ్లికూతురిలా ఉంది కానీ, అది ఎక్కగానే నా కాస్త మెమరీ చాలక రొప్పుతూ కూలబడ్డాను. ఇంకొకటి బాగానే నడిచింది. అయితే దాని సొంత సహాయ వేదిక శ్మశానంలా ఉంది. ఎవరెవరో వేసిన ప్రశ్నలు జవాబుల్లేకుండా ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. మూడోదానిది పాత మొహం. హైమావతి అక్కడ ఒక ప్రశ్న వేసి టీ తాగడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఏ దేశంవాడో, ముందు మాన్యువల్ చదివి ఏడవమని చీవాట్లు పెట్టి, కిందే జవాబు కూడా విడమరిచి రాశాడు.

"తిట్టాడు, కానీ చెప్పాడు. వీళ్లే మనకు కావాల్సినోళ్లు," అని తేల్చేసింది.

ఊరికే తీసుకోలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లోని మాటలన్నిటినీ తెలుగు చేసి వాళ్లకే తిరిగి పంపింది. ఒక్కో మాట దగ్గర వాళ్లతో కొట్లాడింది. చివరికి ఆమె తెలుగు ప్రపంచమంతా దిగుమతి చేసుకునే ఆ సాఫ్ట్‌వేర్ కట్టలో చేరింది. వేదికకు 'చెరువుగట్టు' అని పేరు పెట్టారు.

ఇక నాలో రోజూ రక్తపాతమే. మేత గురించి మొదలుపెట్టి తాతల దాకా వెళ్లేవారు. నీళ్లు వదిలే బోదె దగ్గర గొడవై, ఒకాయన పక్క చెరువాయన తలకాయను నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు రాడ్డుతో నిజంగానే పగలగొట్టాడు. మర్నాడు కొట్టినాయన స్టేషన్లోంచి, తిన్నాయన ఆసుపత్రి మంచం మీంచి, ఎవరి కథ వాళ్లు నాలోనే రాసుకున్నారు. తలకు ఆ కట్టుతోనే, రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వస్తే ఏం చెయ్యాలో తిన్నాయన కొట్టినాయనకు చెప్పాడు కూడా. మనుషుల్ని నేను అర్థం చేసుకోవడం అక్కడితో మానేశాను.

ఒక్క పిచ్చిపని మాత్రం అందరూ చేశారు. బయటికి కనిపించడానికి మారుపేరు ఇచ్చి, లోపల అసలు పేరు రాసుకుంటే చాలంటుంది సాఫ్ట్‌వేర్. వీళ్లకు పేరొక్కటే రాయడం మర్యాదగా తోచదు కదా! ఎవరి కొడుకో, ఏ ఊరో, ఎవరి అల్లుడో, ఎక్కడ పనో, అంతా శుభలేఖలో వేసినట్టు వేసేవారు. బయట చూస్తే 'గట్టుకాకి'. లోపల చూస్తే గంటా ఇశ్రాయేలు, మోషే కొడుకు, ఫలానా హేచరీలో పని.

ఆ గట్టుకాకే ఒకరోజు రాశాడు. తమ హేచరీ తొట్టెల్లో సీడు జబ్బుపడి చస్తోందని, బతికినదాన్ని కడిగి మంచిదని చెప్పి అమ్ముతున్నారని. హైమావతి ల్యాబులో చూస్తే మాట నిజమే. రైతులు ఆ సీడు కొనడం మానేశారు. హేచరీ యజమాని సర్వారాయుడు పట్నం నుంచి మనుషుల్ని పెట్టి, ఆ కాకి పేరు లాగడానికి ఇంటర్నెట్ తీగల గుండా నా తలుపులు బాదించాడు. సాఫ్ట్‌వేర్‌లో ఫలానా చోట కన్నముంది, మూసుకోండని సహాయ వేదికలోని ఆ చీవాట్ల మనిషి ముందే హెచ్చరించాడు, హైమావతి మూసేసింది. తీగల గుండా కుదరక, మిట్టమధ్యాహ్నం రాడ్లతో వచ్చారు.

మరిడయ్య అడ్డం వెళ్లాడు. మొదటి దెబ్బకు మణికట్టు విరిగింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. రెండో దెబ్బకు పడిపోయాడు. పడ్డాక కూడా కడుపులో తన్నారు.

"అమ్మాయ్, నాకు గొడవలొద్దు. ఆ పెట్టె ఇచ్చెయ్. కాకి ఎవడో నాకు తెలవాలి," అన్నాడు సర్వారాయుడు.

"తెలిస్తే ఏం చేస్తారండి?"

"ఆడి తొట్టెలోనే ముంచి చంపుతాను."

ఇక్కడే నాకు నవ్వొస్తుంది. ఆ రౌడీలు నన్ను పసిబిడ్డలా ఎత్తుకున్నారు. ఒకడు భుజం మీది తువ్వాలు తీసి నాకు చుట్టాడు, దెబ్బ తగలకూడదని. పుట్టినప్పటినుంచి నన్ను అంత మెత్తగా ఎవరూ పట్టుకోలేదు.

"అలా తీగలు పీకితే లోపలిదంతా పోద్ది. ఉండండి, నేనే తీసిస్తాను," అంది హైమావతి.

నన్ను కిందికి దింపించింది. పక్క రేకు తీసింది. డిస్కు ఊడదీసింది. దానికి నకలు డిస్కు కూడా అక్కడే ఉంది. వేరే చోట పెడితే పోతుందని మరిడయ్య దాన్ని టేపుతో నా డొక్కకే అంటించాడు, మహానుభావుడు. రెండూ ఆమె చేతిలోకి వచ్చాయి. మోటారు బేరింగులు కొట్టే ఇనప దిమ్మె మీద పెట్టింది. సమ్మెట ఎత్తింది.

కొట్టొద్దని అరవాలనిపించింది నాకు. రైతుల ఏళ్ల మాటలవి. ఏ ఎండకు ఏం చేశారో, ఏ వానకు ఏం పోయిందో, అంతా అందులోనే ఉంది. ఆమెకు తెలియదా? కళ్ల నీళ్లు కారుతుంటే పళ్లు బిగించి కొట్టింది. ముక్కలయ్యేదాకా కొట్టింది. వాళ్లు తేరుకుని మీద పడేసరికి ఇశ్రాయేలు పేరు పొడి అయిపోయింది.

తర్వాత వాళ్లు ఆమె కుడిచెయ్యి అదే దిమ్మె మీద పెట్టారు. అదే సమ్మెట. ఇంతకంటే నేను చెప్పలేను.

కేసయింది. సర్వారాయుడు బెయిలు మీద బయటికొచ్చి తిరుగుతున్నాడు. నన్ను పాత సామాన్ల కొట్టుకు తోలేశారు. కొట్టతను పోలయ్య. రాగి ఎక్కడుంటే అక్కడ కొడతాడు. నా పక్కన విరిగిన ఏరియేటరు రెక్కలు, పళ్లు రాలిన గేర్లు. నా వంతు కోసం చూస్తూ పడున్నాను.

మొన్న పాత బేరింగుల కోసం ఒకతను వచ్చాడు. బక్కమనిషి. పోలయ్య సుత్తితో నా వైపు వస్తూ అడిగాడు.

"ఏరా, చెరువుగట్టు మళ్లీ తెరిచారంట కదా?"

"తెరిచారండి. సాఫ్ట్‌వేరు ఉచితమే గదా, ఇంకో పెట్టెలో మళ్లీ ఎక్కించారు. పాత మాటలేమీ లేవండి, ఖాళీ. ఆయమ్మ ఎడంచేత్తో రాశారు. పాతవన్నీ నేనే పగలగొట్టాను, మీకు తెలిసింది మళ్లీ రాయండని."

"ఎవడు రాత్తాడింక!"

అతను ఫోను తీసి చదివాడు. "నేను గంటా ఇశ్రాయేలుని. మోషే కొడుకుని. హేచరీ తొట్టెల్లో జబ్బు సీడు కళ్లారా చూసినోణ్ణి నేనే. నా పేరు కోసం ఆయమ్మ చెయ్యి పోయింది. నేనింక దాక్కోను. కోర్టులో కూడా ఇదే చెబుతాను."

పోలయ్య సుత్తి ఆగిపోయింది.

"పేరెట్టి రాశాడా? సంపేత్తార్రా ఆణ్ణి! ఎవడాడు, మనూరోడేనా?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. బేరింగు ఏరుకుని, పోలయ్య కళ్లలోకి చూశాడు.

"నేనేనండి," అన్నాడు.