ఇరవైనాలుగో ముక్క

జిగురు ఉడికిందో లేదో అతను కంటితో చూడడు. చూపుడువేలు ముంచి, బొటనవేలికి ఆనించి, మెల్లగా విడదీస్తాడు. దారం సాగి తెగితే పలచన, సాగి ఆగితే సరి. ఆ రోజు పొద్దున సాగి ఆగింది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, మరోసారి తిప్పి, గిన్నె దించి, బల్ల మీద పరిచిన కోరా గుడ్డకి కుంచెతో పూయడం మొదలుపెట్టాడు. ముందు మధ్యలో, తర్వాత అంచులకి, చివర మూలలకి. ముప్పైఎనిమిదేళ్ళుగా అదే వరస.

బడిగోడలకి వేలాడదీసే పెద్ద మ్యాపులు ఆరేసి షీట్లుగా అచ్చయి వస్తాయి. వాటిని అంచు కోసి, అతికి, గుడ్డ మీద ఎక్కించి, పైనా కిందా కర్రలు బిగించి, తాడు కట్టి పంపడం అతని పని. షాపులో అందరూ అతన్ని జిగురు అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉందట. అతనికి చదువు రాదు కాబట్టి ఉందనే నమ్ముతాడు.

మనిషి పొడుగే కానీ బల్ల ఎత్తుకి తగ్గట్టు ఒంగిపోయాడు. వేళ్ళ కణుపులు ఉబ్బి, గోళ్ళ చుట్టూ పిండి ఎండి, తెల్లటి చారలుంటాయి. ఎంత తోమినా పోవు. కుడి అరచెయ్యి మాత్రం నున్నగా, చంటిపిల్లవాడి బుగ్గలా ఉంటుంది. కాగితం కింద చిక్కుకున్న గాలిని ఆ చేతితోనే అంచు దాకా తోలి బయటికి పంపుతాడు.

ఆ రోజు బల్ల మీద ఉన్నది ఆఫ్రికా. అక్షరాలు రాకపోయినా ఆ ఖండం అతని అరచేతికి తెలుసు. పైన ఎడారి. పసుపు రంగు దట్టంగా ఉంటుంది, జిగురు త్వరగా పీల్చదు, ఆగి ఆగి రుద్దాలి. నడుమ అడవి. ఆకుపచ్చ మీద బుడగలు లేస్తాయి, పొద్దస్తమానం నొక్కినా మళ్ళీ లేస్తాయి. తూర్పున మట్టి రంగు కొండలు, వాటి మధ్య నీలం చెరువులు. ఆరో షీటులో, సముద్రంలో ఓ పెద్ద దీవి, కాలినుంచి జారిన చెప్పులా.

పై సగం అతనికి కబుర్లుగా కూడా తెలుసు. ఏ దేశంలో ఉప్పుని పలకలుగా కోసి ఒంటెల మీద వేసుకుని వారాల తరబడి నడుస్తారో తెలుసు. ఏ ఊళ్ళో పెద్ద మసీదుకి ఏటా ఊరంతా కలిసి మట్టి మెత్తుకుంటారో తెలుసు. సముద్రం వైపు పోవలసిన నది ముందు ఎడారికేసి నడిచి, వంపు తిరిగి వెనక్కొస్తుందనీ, చాద్ అనే చెరువు ఏటికేడాది కుంచించుకుపోతోందనీ తెలుసు. ఆ చెరువు దగ్గర అతని చదువు ఆగింది. దాని కింద ఉన్నదంతా అతనికి ఒట్టి రంగు కాగితం.

చెప్పింది కూతురు. తల్లి పోయాక బడి వదలగానే నేరుగా షాపుకొచ్చేది. కాగితపు కట్ట మీద కూర్చుని, కాళ్ళాడిస్తూ, అతను అతికే ప్రతి దేశం పేరూ చదివి, పుస్తకంలో ఉన్నదీ లేనిదీ కలిపి చెప్పేది. "నాన్నా, నువ్విప్పుడు నైలు నది మీద చెయ్యి పెట్టావు, తడిసిపోతావు," అనేది. ఆమెకప్పుడు పన్నెండేళ్ళు.

ఇప్పుడు నలభైరెండు. ఆసుపత్రి సామాన్ల గదిలో గుమాస్తా. దూరపు ఊళ్ళో కొత్తగా కట్టిన ఆసుపత్రికి బదిలీ చేశారు. సాయంత్రం ఆరింటికి బస్సు. ఆలోగా ఆమెకొక మాట చెప్పాలి. ముప్పైఏళ్ళుగా చెప్పాలనే అనుకుంటున్నాడు. పెద్ద పరీక్షలు అయ్యాక అనుకున్నాడు, ఉద్యోగం వచ్చాక అనుకున్నాడు, తనకి జ్వరమొచ్చి ఆమె మూడు రోజులు మంచం పక్కనే కూర్చున్నప్పుడూ అనుకున్నాడు. జ్వరం తగ్గింది, మాట అలాగే ఉండిపోయింది.

పది దాటాక యజమాని కొడుకు వచ్చి, బల్లకి ఆనుకుని నిలబడి, ఇదే ఆఖరి ఆర్డరు, షాపు మూసేస్తున్నాం అన్నాడు. బడుల్లో గోడకి తెరలు పెట్టారట, వేలితో తాకితే చాలు ఏ దేశం కావాలంటే అది పెద్దదవుతుందట. మంచి కుర్రాడే. చెప్పలేక చెప్పాడు. జిగురు తలూపి, కుంచె గిన్నె అంచుకి రాసి, ఎడారి మీద బుడగ నొక్కాడు.

ఆ తర్వాత కాసేపటికి, కూతురు చదివిన ఆడపిల్లల బడి బంట్రోతు చంకలో మ్యాపు చుట్ట పెట్టుకుని వచ్చాడు. నవ్వించే మనిషి. "ఇదిగో జిగురూ, మీ ముసలి ఆఫ్రికాకి నడుం విరిగింది, కట్టు కట్టాలి," అన్నాడు. కింది కర్ర ఊడింది, గుడ్డ చివికింది. ఉన్న తెర తరచూ నిద్రపోతోందిట, అందుకని పెద్ద పంతులమ్మ పాతది బాగుచేయించమందిట.

తాడుకి వేసిన ముడి చూడగానే జిగురుకి అర్థమైంది. ఆ ముడి తను తప్ప ఎవరూ వెయ్యరు. ఆ బడికి తను ఆఫ్రికా పంపింది ఒక్కసారే, చుట్ట విప్పకుండానే ఏ యేటిదో తెలిసిపోయింది.

"భూగోళం చెప్పే మేడమ్‌గారు, కళ్ళజోడుకి గొలుసు ఉండేది, ఉన్నారా?" అని అడిగాడు.

"ఆవిడా? పోయి రెండేళ్ళయింది," అన్నాడు బంట్రోతు, గోడవారన టీ గ్లాసు పెడుతూ. రేపొచ్చి తీసుకుంటానని వెళ్ళాడు.

చెప్పుకోవలసిన వాళ్ళు ఇద్దరుండేవారు. ఒకరు తగ్గిపోయారు. లోపల ఎక్కడో కాస్త తేలికైనట్టు అనిపించింది. అలా అనిపించినందుకు చెవులు వేడెక్కాయి.

మ్యాపు బల్ల మీద పరిచాడు. ఎండకి పసుపు తెల్లబోయింది, నీలం బూడిదయింది. పడమటి తీరం దగ్గర, మొదటి షీటూ రెండో షీటూ కలిసే చోట వేలు పెట్టాడు. అతుకు గట్టిగానే ఉంది. అంత గట్టి అతుకు వెయ్యగలడతను. అదే సిగ్గు.

ఆ యేడు షీట్ల మీద కోతగీత సరిగా అచ్చవలేదు. చుక్కల గీత. దేశాల సరిహద్దులూ చుక్కల గీతలే. ఇరవైనాలుగు మ్యాపుల మొదటి షీట్లూ ఒకదానిమీద ఒకటి పేర్చి, ఇనుప బద్ద ఆనించి, ఒక్క కోత కోశాడు. బద్ద ఆనించింది కోతగీతకి కాదు, ఒక సన్నటి దేశపు అవతలి సరిహద్దుకి. పైన ఎడారిలో వేలెడు ఇసుక పోయింది, అదెవరికీ తెలీదు. కింద సముద్రపు గీత కాస్త తప్పితే నీలం సిరా అద్ది సర్దాడు. అచ్చు తేడా అనుకున్నాడు. మ్యాపులు బండెక్కి వెళ్ళిపోయిన సాయంత్రం కూతురు నేల మీది కత్తిరింపులు ఏరుకుంటూ, "నాన్నా, టోగో కింద పడిపోయింది," అంది.

అప్పుడు తెలిసింది. చిత్తుబుట్టలో పడెయ్యమ్మా అన్నాడు. అంతకు ముందు వారమే ఒక షీటు చింపినందుకు పెద్ద యజమాని ఒకణ్ణి మెడపట్టి గెంటాడు. ఇరవైనాలుగు బడులకి ఇరవైనాలుగు తప్పులు. ఆమె ఇంటికి వెళ్ళాక బుట్ట బోర్లించి, ఆ ఆకుపచ్చ ముక్కల్ని ఏరి, కత్తిరించి, సున్నపు డబ్బాలో దాచాడు. కాల్చడానికి మనసొప్పలేదు. ఎప్పుడైనా ఏ మ్యాపయినా మరమ్మత్తుకి వస్తే పెట్టెయ్యొచ్చు అనుకున్నాడు. లెక్కేస్తే ఇరవైమూడే ఉన్నాయి. ఒకటి ఊడ్చేటప్పుడు పోయుంటుందనుకున్నాడు.

నెల తిరక్కుండా బడిలో పరీక్ష. పడమటి తీరం దేశాలు వరసగా రాయమన్నారు. పుస్తకంలో మ్యాపు అరచేతంత, చిన్న దేశాల పేర్లు అందులో పట్టలేదు. మేడమ్ గోడ మీది మ్యాపు చూసి దిద్దింది. కూతురు రాసిన టోగోని కొట్టేసి, బెంచీ ఎక్కించి, ఏదీ, మ్యాపులో చూపించమంది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల సాయంత్రం షాపుకొచ్చి సంచీ కూడా దించకుండా అడిగింది.

"నాన్నా, ఆ ముక్కలేవి?"

"ఏ ముక్కలు?"

"టోగో ముక్కలు. నేను చదివానుగా."

"నేనేం చూళ్ళేదమ్మా. నువ్వే ఏదో తప్పు చదివుంటావు."

అక్షరం రాని వాడు ఆ మాటన్నాడు, అక్షరం వచ్చిన దానితో. అన్న వెంటనే చెయ్యి దానంతటదే పోయి కుంచె అందుకుంది. ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. మర్నాడు బడిలో తానే కల్పించి రాశానని ఒప్పుకుందని పక్కింటి పిల్ల చెప్పింది. లేనిదేశం, లేనిదేశం అని తోటిపిల్లలు మూడేళ్ళు పిలిచారు. ఆమె మళ్ళీ షాపుకి రాలేదు. ఇంట్లో మందుసీసా మీది అక్షరాలు కూడా అతనికి బిగ్గరగా చదివి వినిపించలేదు. చదివి, మూత తీసి, ఇచ్చేది.

జిగురు తడిగుడ్డ వేసి మ్యాపుని నానబెట్టాడు. పాత గుడ్డ పొరలా ఊడొచ్చింది. కొత్త గుడ్డకి జిగురు పూసి, షీట్లు ఒక్కొక్కటే ఎక్కించి, రెండో షీటుని బొటనవేలంత కుడికి జరిపాడు. డబ్బాలోంచి ఒక ముక్క తీసి ఆ సందులో పెట్టి అరచేత్తో రాశాడు. సరిగ్గా కూర్చుంది. పైన ఎడారిలోనూ కింద సముద్రంలోనూ మిగిలిన సందుని పాత కత్తిరింపులతో పూడ్చాడు. కానీ చుట్టూ ఉన్న ఖండం ముప్పైఏళ్ళు ఎండ తిని పాలిపోయింది, డబ్బాలో ఉన్న ముక్క నిన్న అచ్చయినట్టుంది. గుమ్మంలోంచి చూసినా కొట్టొచ్చినట్టు కనపడుతోంది, వెలిసిన చొక్కాకి కొత్త మాసికలా. సరే, కనపడనీ అనుకున్నాడు.

ఇంకో ముక్కని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాలుగింటికి చేతులు కడుక్కుని, కుంచె కడిగి తలకిందులుగా నిలబెట్టి, యజమాని కొడుక్కి చెప్పి బయటపడ్డాడు. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. కూరిస్తే కూడాయి, ఇంటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి చెదిరిపోయాయి.

కూతురు ట్రంకుపెట్టె సర్దుతోంది. ఆమెకీ కాస్త నడుం వంగింది, చెవుల దగ్గర నెరిసింది. మందులు ఏ అరలో ఉన్నాయో, పొయ్యి ఎలా కట్టెయ్యాలో వరసగా చెబుతోంది. ఉద్యోగం మానేసి తనతో రమ్మని నెల నుంచీ అడుగుతోంది. పనుందని దాటేస్తున్నాడు. ఆ పని ఈ పూటతో అయిపోయిందని చెప్పలేదు. చెబితే రమ్మంటుంది. వెళ్ళి ఆమె తిండి తింటూ, ఆమె ముఖం చూస్తూ, ఈ మాట కడుపులో పెట్టుకుని ఎలా కూర్చోవడం?

తాడు కట్టడానికి ఒంగాడు. ఒంగినవాడు జేబులోంచి ముక్క తీసి పెట్టె అంచున పెట్టాడు.

"ఇది కాస్త చదువు తల్లీ."

ఆమె మడత పెడుతున్న చీర అలాగే పట్టుకుని చూసింది. చేతిలోకి తీసుకోలేదు.

"చదవక్కర్లేదు నాన్నా. టోగో."

"కోత నాదే తప్పు. ఆ రోజు నువ్వడిగితే..." అన్నాడు. నేల వైపు చూస్తూ నిలబడ్డాడు, బెంచీ ఎక్కిన పిల్లాడిలా.

ఆమె చీర పక్కన పెట్టి, పెట్టె అడుగున చెయ్యి పెట్టి, తుప్పు పట్టిన జామెట్రీ పెట్టె పైకి తీసింది. మూత గట్టిగా పట్టేసింది. గోటితో లేపింది. లోపల వృత్తలేఖిని, సగం విరిగిన కోణమానిని, వాటి కింద ఆకుపచ్చ ముక్క. మడత కూడా పడలేదు.

"ఆ రోజు బెంచీ మీద నిలబడ్డప్పుడు ఇది నా చేతిలోనే ఉంది."

అతనికి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "మరి తీసి చూపించలేదేం?"

"చూపిస్తే మేడమ్ నన్ను దింపేసేది," అంది ఆమె, "నువ్వు ఎక్కాల్సొచ్చేది."

మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. అతను తాడు కొసని వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"కోత తప్పడం ఎవరికైనా అవుతుంది నాన్నా," అంది. "సాయంత్రం నీ దగ్గరికొచ్చి అడిగితే నాతోనైనా చెబుతావనుకున్నా. మనిద్దరం దాచుకునేవాళ్ళం."

అంతే అంది. చీర మడత పూర్తి చేసి లోపల పెట్టింది. అతను పెట్టెకి తాడు కట్టాడు, తన ముడే వేశాడు. రిక్షా వచ్చింది.

బస్టాండులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అతను కింద, చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. ఇంజను వేడెక్కుతోంది. షాపు మూసేస్తున్న సంగతి అప్పుడు చెప్పాడు. ఆమె చువ్వ మీద ఉన్న అతని చెయ్యి వైపు చూసింది.

"కింది సగం చెప్పనేలేదు నువ్వు," అన్నాడతను.

"ఎక్కడిదాకా చెప్పాను?"

"చాద్ చెరువు దాకా."

ఆమె పెదవి కదిలింది. ఏదో పేరు మొదలుపెట్టినట్టే ఉంది. డ్రైవరు గేరు వేశాడు, ఆ చప్పుడులో వినపడలేదు. బస్సు వెనక దుమ్ము సర్దుకునే దాకా నిలబడి, నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

గదిలో ట్రంకుపెట్టె ఉన్న చోట నేల నలుచదరంగా, దుమ్ము లేకుండా ఉంది. తను తెచ్చిన ముక్క కోసం వెతికాడు. లేదు, ఆమె తీసుకెళ్ళింది. కిటికీ గూట్లో, మూత తెరిచి, జామెట్రీ పెట్టె ఉంది. అందులో, తుప్పు మరక పడిన వృత్తలేఖిని పక్కన, బొటనవేలంత వెడల్పు, చూపుడువేలంత పొడవు, ఇంకా రంగు పోని ఇరవైనాలుగో ముక్క.